మలుపు దగ్గర కూర్చున్న వాళ్ళు

మా అత్త చేసిన బెదురుబొమ్మ కోసం ఒకసారి టౌను బస్సు ఆగింది. నేను పెళ్ళయి సోగత్తూరుకు వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. ధర్మపురి నుంచి వచ్చే ఆ బస్సు మా వీధి దగ్గర ఎవరు చెయ్యెత్తినా ఆగేది కాదు. దాటిపోయి ఎక్కడో ఆపితే దిగి, వెనక్కి నడిచి రావాలి. ఆ సాయంత్రం మాత్రం రోడ్డు పక్క రాగిచేనులో ఒక ముసలాయన ఒక చేత్తో పంచె ఎత్తిపట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి, పరిగెత్తుకొస్తున్నట్టు కనిపించాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు మెట్టు మీద నిలబడి, తొందరగా రమ్మని తమిళంలో కేకేశాడు. ముసలాయన కదల్లేదు. అప్పుడు చూశారు, తల కుండ, ఒళ్ళు గడ్డి. బస్సంతా నవ్వింది. నేను మాత్రం ఇదే అదనని అక్కడే దిగి ఇంటికి నడిచాను.

అత్తకు చెబితే నవ్వలేదు. కొంచెం ఆలోచించింది.

"అది నేను చేసిందే పాపా. చెయ్యి రొంత ఎక్కువ ఎత్తేసినాను. పిట్టకు అంత చెయ్యి అక్కర్లేదు" అంది.

కోడలినైనా నన్ను అత్త పాపా అనే పిలిచేది. నాది కారిమంగళం. టౌనులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరుగా పని చేస్తున్నాను. అత్త కూలికి పోయేది. కలుపు తీయడం, టమాటా కోయడం, రాగి కోత, ఏది ఉంటే అది. కంకి వేసే కాలంలో మాత్రం చుట్టుపక్కల రైతులు ఆమెను ప్రత్యేకంగా పిలిచేవాళ్ళు. మిగతావాళ్ళు కర్రకు అడ్డకర్ర కట్టి, పైన కుండ బోర్లించి, ఒక చొక్కా తొడిగి వదిలేస్తారు. అత్త బొమ్మ అలా ఉండదు. ఒకటి నడుము మీద చెయ్యి పెట్టుకుని మబ్బుకేసి చూస్తుంది. ఒకటి కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు వంగి ఉంటుంది. వాటిని చూసి పిట్టలు భయపడ్డాయో లేదో నాకు తెలియదు. దారిన పోయేవాళ్ళు మాత్రం పలకరించేవాళ్ళు.

మా వీధి మెయిన్ రోడ్డులో కలిసే చోట ఒక మలుపు ఉంది. అక్కడ బండ్లు వేగం తగ్గించవు. ఒకసారి మా పక్కింటి పాప బడి నుంచి నడిచి వస్తుంటే బైకు తగిలి కాలు విరిగింది. బైకువాడు ఆగకుండా పోయాడు. పాపను ఆసుపత్రికి తీసుకుపోయింది మేమే. ఆ పిల్ల ఏడవలేదు, నా వేలు పట్టుకుని పళ్ళు బిగించి పడుకుంది. ఆ తర్వాత వీధివాళ్ళం అందరం కలిసి స్పీడుబ్రేకరు వేయమని రోడ్ల ఆఫీసులో అడిగాం. వేస్తామన్నారు. మళ్ళీ అడిగాం. మళ్ళీ వేస్తామన్నారు. పాప కాలు అతుక్కుని, మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టింది కానీ రోడ్డు అలాగే ఉంది.

ఒక ఆదివారం అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అప్పుడు బస్సు నిలబడె కదా?"

"ఏ బస్సు అత్తా?"

"నా బొమ్మను చూసి. అంత పెద్ద బస్సే నిలబడితే ఈ బండ్లు నిలబడవా?"

నాకు ఆ క్షణంలోనే ఒళ్ళు వెచ్చబడింది. బడిలో పిల్లలకు కుండ, అరటిపండు, సూర్యోదయం వేయించి వేయించి నా చెయ్యి నిద్రపోయి ఉంది. "నేను ముఖం వేస్తాను" అన్నాను.

వెదురు, గోనెసంచులు, కొబ్బరి పీచు, వరిగడ్డి పోగు చేశాం. మా ఆయన టూవీలర్ మెకానిక్కు. షెడ్డులో పనికిరాని ఇనుపకమ్మీలు తెచ్చి, వంచి, బొమ్మ నిలబడడానికి కాళ్ళు చేసిచ్చాడు. అత్త ఒక ముసలమ్మను చేసింది, పక్కన తాడుతో ఒక మేకను. నేను తెల్లగుడ్డ మీద ఎనామిల్ పెయింటుతో ముఖం వేశాను. పెద్ద కళ్ళు, సన్నటి కనుబొమ్మలు, చిన్న నవ్వు. ఎంతో బాగా వచ్చిందనుకుని అత్తకు చూపించాను.

ఆమె తల అటు వంచి, ఇటు వంచి చూసింది. "అందంగానే ఉండాది. అయితే ఈమె పౌడరు పూసుకోని పెండ్లికి పోతా ఉండాది పాపా. రోడ్డు దాటేదానికి వచ్చిన మొగం కాదు."

"రోడ్డు దాటే ముఖం ఎట్లుంటుంది?"

"నువ్వు దాటేటప్పుడు నీది ఎట్లుంటాదో చూసుకో పో."

నేను నిజంగానే మలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. దాటేవాళ్ళను చూశాను. నోరు కొంచెం తెరుచుకుంటుంది. నుదురు ముడిపడుతుంది. ఒక కన్ను బండి మీద, ఒక కన్ను అవతలి గట్టు మీద. ఇంటికొచ్చి ముఖం మళ్ళీ వేశాను. ఈసారి మరీ భయంగా వచ్చింది. అత్త వద్దంది. నేను ఒప్పుకోలేదు. ఆమె చేసిన భుజాలు వెనక్కి పోయి ఉన్నాయని, భయపడే మనిషి భుజాలు ముందుకు వస్తాయని అన్నాను. ఆమె లేచి నా ముందు నిలబడి, రోడ్డు దాటుతున్నట్టు నటించి చూసుకుంది. భుజాలు ముందుకే వచ్చాయి.

"సరే, నువ్వు చెప్పేది నిజమే" అంటూ గడ్డి విప్పడం మొదలుపెట్టింది.

అలా పోట్లాడుకుంటూ చేసిన ముసలమ్మను, మేకను తెల్లవారేసరికి మలుపు దగ్గర నిలబెట్టాం. వీధిలో సగం మంది అరుగుల మీద కూర్చుని చూశారు. మొదట వచ్చిన బైకు మెల్లబడింది. తర్వాత కారు మెల్లబడింది. కూరగాయల ఆటోవాడు అయితే పూర్తిగా ఆపి, "దాటమ్మా" అన్నట్టు చెయ్యి ఊపి, కాసేపు చూసి, తల గోక్కుని పోయాడు. అరుగుల మీద నవ్వులే నవ్వులు. అత్త మాత్రం నవ్వలేదు. ఒక్కో బండి తగ్గినప్పుడల్లా నా మోచెయ్యి మెల్లగా నొక్కేది.

ఆ తర్వాత వీధిలో అందరికీ ఆశ పుట్టింది. ఒకరు బడిపిల్ల యూనిఫాం తెచ్చి ఇచ్చారు. ఒకరు పాత గొడుగు ఇచ్చారు. ఎదురింటి అక్క ఒక ఖాకీ చొక్కా మడత పెట్టి తెచ్చింది. ఆమె భర్త లారీ నడిపేవాడు, పోయి చాలాకాలమైంది. "ఇది యాడ పెట్టినా కంటికి పడతానే ఉండాది. రోడ్డు మీద ఉంటే నాకు బాగుంటాది" అంది. ఆ చొక్కాకు తగ్గట్టు అత్త ఒక మనిషిని చేసింది, కొంచెం పొట్టతో, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడిని. ఆ అక్క రోజూ పొద్దున్నే పాలకు పోతూ ఆ బొమ్మ కాలరు సరిచేసి పోయేది. మేమెవరమూ చూడనట్టే ఉండేవాళ్ళం.

వానకు తడవకుండా బొమ్మల లోపల పాత ఫ్లెక్సు బ్యానర్లు చుట్టాం. మా ఊళ్ళో పెళ్ళికి, చెవులు కుట్టే పండగకు, ఎవరైనా గెలిస్తే, పోతే, అన్నింటికీ ఫ్లెక్సే. వాడినవి కావలసినన్ని దొరికాయి. కాబట్టి మా బొమ్మల కడుపుల్లో ఎవరెవరి పెళ్ళినవ్వులో ఉన్నాయి.

ఒక బోర్డు కూడా పెడదామని వీధిలో ఒకాయన అన్నాడు. మెల్లగా పోండి అని తమిళంలో, కింద ఇంగ్లీషులో. తెలుగులో కూడా రాద్దామన్నాను నేను. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. నాకు మా తాత నేర్పాడు కాబట్టి వచ్చు, ఆ గీర కొంచెం ఉంది. అత్త ఏదీ వద్దంది.

"అక్షరాలు పెడితే అది బోర్డు అయిపోతాది. బోర్డును ఎవురు చూస్తారు? మనిషిని చూస్తారు" అంది.

అంతా బాగున్నప్పుడే ఒక సాయంత్రం, బండి మీద పాలు తీసుకుపోయే పాలాయన పడ్డాడు. గొడుగు పట్టుకున్న బొమ్మ గాలికి ఊగితే నిజంగానే అడుగు వేసిందనుకుని బ్రేకు తొక్కాడు. బండి జారింది. పాలు రోడ్డంతా పారాయి. మోచేతులు గీరుకుపోయాయి, అంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదు. అత్త, నేను వాళ్ళింటికి పోయాం. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మా పెద్దమ్మ అనుకున్నాను అక్కా. ఆమెకు అట్లాంటి గొడుగే ఉండాది" అన్నాడు. కోపం లేదు ఆయనకు. కోపం లేకపోవడమే మాకు కష్టంగా అనిపించింది.

మర్నాడు ట్రాఫిక్ ఎస్సై వచ్చాడు. కొత్తగా వచ్చిన మనిషి, చిన్న వయసు, మెత్తగానే మాట్లాడాడు. ఇవి ఎవరు పెట్టారని తమిళంలో అడిగాడు. అత్త ముందుకు వచ్చి, తానే పెట్టానని తమిళంలోనే చెప్పింది. పాప కాలు విరిగిన సంగతి చెప్పింది. స్పీడుబ్రేకరు అడిగి అడిగి విసిగిన సంగతి చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ రోడ్డు అంచున మనిషి ఉన్నట్టు చూపించి భయపెడితే రేపు ఇంకొకడు పడతాడు. వాడికి పాలాయన అదృష్టం ఉండకపోవచ్చు. తీసెయ్యండి" అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ సాయంత్రమే బొమ్మలన్నింటినీ మోసుకొచ్చి మా పెరట్లో గోడకు ఆనించాం. బండ్లు మళ్ళీ ఎప్పటిలాగే దూసుకుపోవడం మొదలైంది. ఖాకీ చొక్కా బొమ్మను తీసేటప్పుడు ఎదురింటి అక్క లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అత్త కొన్నాళ్ళు దేనికీ చెయ్యి పెట్టలేదు. కూలికి పోయి వచ్చి, తిని, పడుకునేది. పెరట్లో బొమ్మలకు వీపు తిప్పి కూర్చునేది.

నాకు దారి దొరికింది బడిలో. నా తరగతిలో పిల్లలు బొమ్మలు గీస్తూ ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్ విసురుగా గుమ్మంలోకి వచ్చారు. పిల్లలందరూ ఒక్కసారిగా తలలు తిప్పి ఆమెను చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె అడుగు దానంతట అదే మెల్లబడింది. చెయ్యి చీర కుచ్చెళ్ళ మీదికి పోయింది. నేను చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మనిషి భయపడితేనే తగ్గుతాడా? తనను అందరూ చూస్తున్నారంటే కూడా తగ్గుతాడు.

ఇంటికి పోయి అత్తకు చెప్పాను. "దాటేవాళ్ళు వద్దు. కూర్చున్నవాళ్ళను చేద్దాం. మలుపుకు ముందే, రోడ్డుకు బాగా ఎడంగా. అందరూ తల తిప్పి వచ్చే బండినే చూస్తా ఉంటారు."

అత్త లేచి పెరట్లోకి పోయి ముసలమ్మ నడుము దగ్గర కట్టు విప్పింది.

"కూర్చోబెట్టాలంటే మోకాలు వంచాల. ఒగురి మాదిరి ఒగురు కూర్చోరు. అది చూడాల ముందు" అంది.

మలుపుకు ముందు మూతబడిన ఒక గోడౌను ఉంది. దాని గోడ పొడుగ్గా రోడ్డుకు సమాంతరంగా ఉంటుంది, రోడ్డుకూ గోడకూ మధ్య చాలా ఖాళీ. గోడ కింద రాతి తిన్నె. యజమాని టౌనులో ఉండే ఒక పెద్దాయన. అడగడానికి పోతే, గోడకు ఏం చేస్తారని అడిగారు. అప్పటికి నాకు ఆ ఆలోచన కూడా వచ్చేసి ఉంది. బొమ్మల నీడలు వేస్తానన్నాను. నీడలు ఎండ వేస్తుంది కదా అన్నారాయన. ఎండ వేసే నీడ కూర్చుని ఉంటుంది, నేను వేసేది ఆడుకుంటుంది అన్నాను. పెద్దాయన సరే వేసుకోమన్నారు. మొదటిరోజు మాత్రం కుర్చీ తెప్పించుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

అత్త తిన్నె మీద బొమ్మలను కూర్చోబెట్టింది. ముసలమ్మ కాళ్ళు చాపుకుంది. మేక ఆమె కొంగు నములుతోంది. ఖాకీ చొక్కా ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు. గొడుగామె గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుంది. బడిపిల్ల కాళ్ళు నేలకు అందక వేలాడుతున్నాయి. అందరి తలలూ ఒకేవైపు, వచ్చే బండి వైపు. వాళ్ళ వెనక గోడ మీద నేను నల్లరంగుతో నీడలు వేశాను. ముసలమ్మ నీడ మేకమీద ఎక్కి సవారీ చేస్తోంది. గొడుగామె నీడ గొడుగు పట్టుకుని గాల్లో తేలిపోతోంది. బడిపిల్ల నీడ గోడ చివరిదాకా పరిగెత్తి, అక్కడున్న కిటికీలోకి దూరుతోంది. ఖాకీ చొక్కా ఆయన నీడ ఎలా ఉండాలో నేను ఎదురింటి అక్కను అడిగాను. ఆమె సిగ్గుపడింది.

"తిరువిళా వస్తే ఆయన కోలాటం ఆడేవాడు. లారీ దిగంగానే వచ్చి ఆడేవాడు" అంది.

మా వైపు జాతరను తిరువిళా అనే అంటాం. ఆయన నీడ చేతుల్లో కోలాటం కర్రలు పెట్టాను. ఒక కాలు నేల మీద లేదు.

తిన్నె మీద మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు అత్త ఖాళీగా వదిలింది. ఎందుకని అడిగితే, "ఎవురన్నా కూర్చుంటారులే" అంది.

బండ్లు మెల్లబడ్డాయి. ఉలిక్కిపడి కాదు, తమను చూస్తున్నది ఎవరా అని చూడడానికి. చూస్తే నీడలు కనిపించేవి, దాంతో ఇంకొంచెం తగ్గేవి. కొందరు బండి పక్కకు తీసి దిగి, ఆ ఖాళీ చోటులో కూర్చుని ఫోటో తీసుకునేవాళ్ళు. పాలాయన కూడా ఒకరోజు అక్కడ కూర్చున్నాడు, గొడుగామె పక్కనే. ఎస్సై మళ్ళీ వచ్చాడు. ఆయన రోడ్డు అంచు నుంచి తిన్నె వరకు నడిచి దూరం చూశాడు. రెండువైపుల నుంచీ బండ్లు వచ్చే తీరు చూశాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకుని ఆ ఖాళీ చోటులో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి గోడ చూశాడు.

"అందరికీ నీడ ఉంది, నాకు లేదే" అన్నాడు.

"ఏం వేయమంటారు సార్?" అన్నాను.

చిన్నప్పుడు గాలిపటం ఎగరేసేవాడినన్నాడు. అదే వేశాను. కాబట్టి ఇప్పుడు ఆ చోటులో ఎవరు కూర్చున్నా వాళ్ళ నీడ గాలిపటం ఎగరేస్తుంది. కాలు అతుక్కున్న పక్కింటి పాప బడి నుంచి వచ్చి రోజూ కాసేపు అక్కడే కూర్చుంటుంది.

ఎవరో వీడియో తీసి పెట్టారు. ఆదివారాలు మనుషులు రావడం మొదలైంది. కృష్ణగిరి నుంచి, సేలం నుంచి కూడా వచ్చారు. ఇది ఏ కళాకారుడు చేశాడని అడిగేవాళ్ళు. వీధి పిల్లలు మా ఇల్లు చూపించేవాళ్ళు. నేను తలుపు తీస్తే నన్నే అనుకునేవాళ్ళు. లోపల టమాటా మరకల చీరతో కూర్చున్న అత్తను చూపించి, "గోడ నాది, మనుషులు ఆమెవి" అనేదాన్ని. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టు ఉండేది.

స్పీడుబ్రేకరు కూడా చివరికి వేశారు. ఇక బొమ్మలు ఎందుకని ఒకరిద్దరు అన్నారు. వీధివాళ్ళు ఎవరూ వాటిని తీయనివ్వలేదు. వాన పడి ముసలమ్మ ముఖం చెదిరితే నేను మళ్ళీ వేశాను. గడ్డి కుంగితే అత్త మళ్ళీ నింపింది. ఇప్పుడు ఆ పని కోసం మమ్మల్ని ఎవరూ పిలవక్కర్లేదు, సంక్రాంతికో ఉగాదికో ఇంటికి సున్నం కొట్టినట్టు దానంతట అదే జరిగిపోతుంది.

పోయిన నెలలో అదియమాన్‌కోట్టై వైపు ఒక బడివాళ్ళు మమ్మల్ని పిలిచారు. బడి ముందు రోడ్డు మీద బండ్లు ఆగడం లేదట. అక్కడి పిల్లలతో కలిసి బొమ్మలు చేయించమన్నారు. అత్త గడ్డి, వెదురు, పాత ఫ్లెక్సులు అన్నీ చిన్న టెంపోలో ఎక్కించింది. బడి వరండాలో పిల్లల మధ్య కూర్చుని, గోనె కుట్టే దబ్బనం పట్టుకుని మొదలుపెట్టింది.

"ముందు కూర్చోండి అందరూ. నేను మిమ్మల్ని చూడాల" అంది తమిళంలో. పిల్లలు కూర్చున్నారు. ఒకడు గోడకు ఆనుకుని, ఒకతె కాలు మడిచి, ఒకడు పక్కవాడి మీద వాలి. అత్త వాళ్ళ మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి మోకాలు, మెడ, భుజం చూసింది. అలాంటి చూపు నేను ఏ డ్రాయింగు పరీక్షలోనూ చూడలేదు.

ఆ బడిలో టీచరొకామె వచ్చి పరిచయం చేసుకుంది. మీరు ఏం పని చేస్తారమ్మా అని అత్తను అడిగింది. నేను పక్కనే ఉన్నాను. రేషన్ కార్డులో, ఆసుపత్రిలో, బ్యాంకులో ఎక్కడ అడిగినా అత్త కూలి అనే చెప్పడం నేను విన్నాను. ఈసారి దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "బొమ్మలు చేస్తాను" అంది.

దారం ఎక్కింది. "పాపా, ఆ ఎర్రచొక్కా పిల్లోని మెడ చూడు. ఎంత బాగా తిప్పినాడో. వాని మొగం నువ్వు వెయ్యి, మెడ నేను చేస్తాను" అని నాకు చెప్పి, గోనెసంచి ముందుకు లాక్కుంది.